బార్డోలీ నుంచి బేగంపేట దాకా: మొదటి పేజీ చిత్రాల్లో సర్దార్ పటేల్ జీవితం

బార్డోలీ (సూరత్): ఏటా సెప్టెంబరు 17 సమీపించగానే తెలుగు పాఠకుల ముందుకు ఒక పాత నలుపు తెలుపు ఛాయాచిత్రం వస్తుంది. షేర్వాణీ ధరించి చేతులు జోడించి నిలుచున్న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, ఆయన ఎదుట ఖద్దరు దుస్తుల్లో నాటి ఉప ప్రధాని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ అందులో కనిపిస్తారు. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయిన క్షణం అదేనని చాలామంది నమ్మకం. అయితే ఆ ఫొటో అప్పటిది కాదు. సైనిక చర్య ముగిసిన సుమారు ఐదు నెలలకు, 1949 ఫిబ్రవరిలో పటేల్ హైదరాబాద్ పర్యటనకు వచ్చినప్పుడు బేగంపేట విమానాశ్రయంలో తీసిన స్వాగత చిత్రం అది.

ఏడు దశాబ్దాలు దాటినా ఆ ఫొటో ఆకర్షణ తగ్గలేదు. పత్రికల ప్రత్యేక సంచికల్లో, గోడపత్రాల్లో, చేతి ఫోన్ల తెరల మీద అది మళ్లీ మళ్లీ ప్రత్యక్షమవుతూనే ఉంది. తేదీ మాత్రం ఎక్కడో జారిపోయింది. తేదీ పోయిన ఫొటోకు చూసేవారు తమకు తోచిన కథను జోడించుకుంటారు. పటేల్ ఆత్మకథ రాయలేదు. అందువల్ల ఆయన గురించిన ప్రజల జ్ఞాపకంలో పెద్ద భాగం ఇలాంటి కొన్ని చిత్రాల మీదే ఆధారపడింది. అవి చూపే క్షణాల వెనుక ఉన్న శ్రమను తెలుసుకోవాలంటే బేగంపేట చిత్రానికి సరిగ్గా 21 ఏళ్ల ముందు, 1928 ఫిబ్రవరిలో, దక్షిణ గుజరాత్‌లోని బార్డోలీలో మొదలైన శిస్తు పోరాటం దగ్గరకు వెళ్లాలి.

బారిస్టర్ నుంచి రైతుల పక్షానికి

వల్లభ్‌భాయ్ 1875 అక్టోబరు 31న నడియాద్‌లో జన్మించారు. స్వగ్రామం కరంసద్. తండ్రి ఝవేర్‌భాయ్, తల్లి లాడ్‌బా. వ్యవసాయమే కుటుంబానికి ఆధారం. జిల్లా స్థాయి న్యాయవాదిగా స్థిరపడి, విదేశీ చదువుకు కావలసిన సొమ్మును ఆయన స్వయంగా కూడబెట్టుకున్నారు. తీరా ప్రయాణపత్రాలు చేతికి వచ్చిన వేళ, తన పేరులోని పొడి అక్షరాలే ఉన్న అన్న విఠల్‌భాయ్ కోరగా, ముందు ఆయన్నే ఇంగ్లండ్ పంపారు. భార్య ఝవేర్‌బా 1909లో బొంబాయిలో చికిత్స పొందుతూ మరణించారు. ఆ కబురు అందేటప్పటికి పటేల్ న్యాయస్థానంలో సాక్షిని ప్రశ్నిస్తున్నారు. కాగితం చదివి జేబులో పెట్టుకుని, విచారణ ముగించిన తర్వాతే విషయం బయటపెట్టారని ఆయన జీవితచరిత్రలు చెబుతున్నాయి. ఆ మరుసటి ఏడాది లండన్ వెళ్లి మిడిల్ టెంపుల్‌లో న్యాయశాస్త్రం చదివి, 1913లో తిరిగివచ్చి అహ్మదాబాద్‌లో వృత్తి ప్రారంభించారు.

సూటూ బూటూ, గుజరాత్ క్లబ్బులో పేకాట, క్రిమినల్ కేసుల్లో పదునైన వాదన: అప్పటి పటేల్ జీవితం ఇదే. గాంధీని మొదట్లో ఆయన పెద్దగా పట్టించుకోలేదు. 1917లో అహ్మదాబాద్ పురపాలక సంఘానికి ఎన్నిక కావడం, 1918లో ఖేడా రైతుల శిస్తు నిరాకరణ ఉద్యమంలో గాంధీ వెంట ఊరూరా తిరగడం ఆయన్ను మార్చివేశాయి. పాశ్చాత్య దుస్తులు పోయి ధోవతి వచ్చింది. 1923లో బోర్సద్ ప్రాంతంపై ప్రభుత్వం విధించిన శిక్షా పన్నును రద్దు చేయించారు. 1924 నుంచి 1928 వరకు అహ్మదాబాద్ పురపాలక సంఘం అధ్యక్షుడిగా పనిచేశారు. 1927లో గుజరాత్‌ను వరదలు ముంచెత్తినప్పుడు సహాయ చర్యలను నడిపించారు. లెక్కలు, మనుషులు, సరుకు, సమయం: ఈ నాలుగింటినీ ఒక్క చేతి మీద నడపడం ఆయనకు అప్పటికే అలవాటైంది.

బార్డోలీ: చిత్రాల కంటే మాటలే ఎక్కువ

బార్డోలీ పేరు దేశానికి 1922లోనే పరిచయం. గాంధీ సామూహిక శాసనోల్లంఘనకు ఎంచుకున్న తాలూకా ఇదే. చౌరీచౌరా హింస తర్వాత ఆ ఉద్యమాన్ని నిలిపివేయాలని కాంగ్రెస్ కార్యవర్గం నిర్ణయించిందీ ఇక్కడే. అదే కాలంలో గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంత రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పన్నుల నిరాకరణకు దిగి ఉన్నందున, బార్డోలీ నిర్ణయం తెలుగు పల్లెలనూ నేరుగా తాకింది.

ఆరేళ్ల తర్వాత శిస్తు సవరణ బార్డోలీని మళ్లీ కదిలించింది. రైత్వారీ విధానంలో 30 ఏళ్లకోసారి జరిగే ఈ సవరణలో శిస్తును 30 శాతం పెంచాలని స్థానిక అధికారి సిఫార్సు చేశారు. బొంబాయి ప్రభుత్వం చివరకు 22 శాతం పెంపును ఖరారు చేసింది. తపతీ లోయ రైలు మార్గం రావడం, పక్కా ఇళ్లు, పాడి పశువులు పెరగడం రైతుల సంపదకు రుజువులని అధికారుల నివేదిక పేర్కొంది. కౌలు లెక్కలను సరిగా పరిశీలించకుండానే పెంపు నిర్ణయించారని రైతులు ఆక్షేపించారు. 1928 ఫిబ్రవరి 4న పటేల్ బార్డోలీ వచ్చి గ్రామాల ప్రతినిధులతో మాట్లాడారు. వెంటనే తీర్మానం చేయించలేదు. భూములు పోవచ్చు, జైలు రావచ్చు, ఆలోచించుకోవాలని చెప్పి గడువు ఇచ్చారు. ఫిబ్రవరి 12న శిస్తు చెల్లించరాదన్న తీర్మానం జరిగింది.

తాలూకాలో 137 గ్రామాలు, సుమారు 87 వేల జనాభా. పటేల్ ఆ ప్రాంతమంతటినీ శిబిరాలుగా విభజించి, ఒక్కో శిబిరానికి బాధ్యుణ్ని నియమించారు. ఏ ఊళ్లో ఎవరు నిలబడ్డారో, ఎవరు తడబడుతున్నారో రోజూ సమాచారం రావాలి. జప్తు అధికారులు వస్తున్నారని తెలియగానే డప్పులు మోగేవి, ఇళ్లకు తాళాలు పడేవి. జప్తుకు చిక్కకుండా గేదెలను మనుషులతోపాటే ఇళ్లలో నెలల తరబడి కట్టివేశారు. వెలుతురు లేక వాటి రంగు మారిందని పటేల్ సభల్లో హాస్యమాడేవారు. సంపదకు గుర్తులని ప్రభుత్వం లెక్కించిన పశువులే ఇలా పోరాటంలో భాగమయ్యాయి. మీఠూబెన్ పేటిట్, భక్తిబా, పటేల్ కుమార్తె మణిబెన్ వంటివారు ఇంటింటికీ తిరిగి మహిళలను సభలకు రప్పించారు. వల్లభ్‌భాయ్‌ని సర్దార్ అని పిలవడం ఆ మహిళలతోనే మొదలైందని ప్రతీతి.

ఈ ఉద్యమం దేశానికి చేరింది ప్రధానంగా అక్షరాల ద్వారానే. అప్పటి పత్రికల్లో ఫొటో అచ్చు వేయడం ఖర్చుతో, జాప్యంతో కూడిన పని. చిత్రాన్ని సన్నని గళ్ల తెర గుండా మళ్లీ తీసి, చుక్కలుగా విడగొట్టి, లోహపు పలకపై ఆమ్లంతో చెక్కి బ్లాకు తయారు చేయాలి. తీగల మీద ఫొటోలు పంపే ఏర్పాటు అమెరికాలో అసోసియేటెడ్ ప్రెస్‌కు సైతం 1935లో గానీ అందుబాటులోకి రాలేదు. ఇక్కడి ఫొటో రైలెక్కి ఊరు దాటాల్సిందే. పైగా అనేక పత్రికల మొదటి పేజీ ప్రకటనలకే కేటాయించి ఉండేది. మద్రాసు నుంచి వెలువడే హిందూ పత్రిక 1958 దాకా అదే పద్ధతి పాటించింది.

పటేల్ బృందం ఈ పరిస్థితిని ముందే గుర్తించింది. సొంతంగా ప్రచురణ విభాగాన్ని ఏర్పాటు చేసుకుని జుగత్‌రామ్ దవే సంపాదకత్వంలో సత్యాగ్రహ పత్రికను రోజూ వెలువరించింది. జప్తుల వివరాలు, పటేల్ ప్రసంగాలు అందులోనే పల్లెలకు చేరేవి. బొంబాయి క్రానికల్ వంటి జాతీయవాద పత్రికలు బార్డోలీ వార్తలను విరివిగా ప్రచురించాయి. టైమ్స్ ఆఫ్ ఇండియా ప్రతినిధి మాత్రం తాలూకాలో బోల్షివిక్ పాలన నడుస్తోందని, దానికి పటేల్ లెనిన్ అని రాశారు. భయపెట్టడానికి రాసిన ఆ కథనం ప్రభుత్వ యంత్రాంగం అక్కడ ఎంతగా స్తంభించిందో లోకానికి చాటింది.

1928 జూన్ 12ను దేశమంతటా బార్డోలీ దినంగా పాటించారు. అప్పటి కేంద్ర శాసనసభ అధ్యక్షుడైన విఠల్‌భాయ్ నెలకు వెయ్యి రూపాయల విరాళం ప్రకటించారు. పటేల్ అరెస్టు ఖాయమన్న వార్తల నడుమ ఆగస్టు 2న గాంధీ బార్డోలీ చేరుకున్నారు. ఆగస్టు తొలి వారంలోనే రాజీ కుదిరింది. జప్తు చేసిన భూములు తిరిగి రైతులకు దక్కాయి, ఖైదీలు విడుదలయ్యారు, రాజీనామా చేసిన గ్రామాధికారులు మళ్లీ విధుల్లో చేరారు. బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ విచారణ సంఘం 22 శాతం పెంపు అన్యాయమని తేల్చి, సుమారు 6 శాతం చాలునని సూచించింది. 1922లో గాంధీకి శిక్ష విధించిన న్యాయమూర్తి ఈ బ్రూమ్‌ఫీల్డే కావడం విశేషం.

నేడు పుస్తకాల్లో కనిపించే బార్డోలీ ఫొటోలు కొన్నే. రైతుల మధ్య పటేల్, గాంధీ పక్కన పటేల్. రోజువారీ సమాచారంతో శిబిరం నుంచి శిబిరానికి పరుగెత్తిన వాలంటీరు, చీకటి ఇంట్లో గేదె పక్కన పిల్లలను పడుకోబెట్టుకున్న తల్లి వాటిలో కనిపించరు.

చిత్రం అంచున నిలిచిన నేత

బార్డోలీ తర్వాత పటేల్ జాతీయ నాయకుడయ్యారు. 1930 మార్చి 7న, దండి యాత్ర మొదలవడానికి ముందే, రాస్ గ్రామంలో ఆయన్ను అరెస్టు చేశారు. అందుకే ఆ యాత్ర చిత్రాల్లో ఆయన లేరు. 1931 మార్చిలో భగత్‌సింగ్‌ను ఉరితీసిన కొద్ది రోజులకే, ఆగ్రహంతో ఉడుకుతున్న కరాచీ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. 1932, 1933 సంవత్సరాల్లో ఎరవాడ జైలులో గాంధీతో కలిసి ఉన్నారు. అక్కడ ఆయన సంస్కృతం నేర్చుకున్నారు, వాడిన కాగితాలతో కవర్లు తయారు చేశారు. 1933 అక్టోబరులో విఠల్‌భాయ్ జెనీవాలో మరణించినప్పుడు షరతులతో కూడిన విడుదలను తిరస్కరించి నాసిక్ జైలులోనే ఉండిపోయారు. క్విట్ ఇండియా కాలంలో 1942 నుంచి 1945 దాకా మళ్లీ నిర్బంధం. ఆ గోడల లోపలికి పత్రికల కెమెరాలు వెళ్లలేదు.

1938 ఫిబ్రవరి నాటి ఒక దృశ్యం ఆయన స్థానాన్ని బాగా తెలియజేస్తుంది. బార్డోలీకి సమీపంలో, తపతీ తీరాన ఉన్న హరిపురా గ్రామంలో 51వ కాంగ్రెస్ మహాసభ జరిగింది. అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్‌ను 51 ఎడ్లు లాగే రథంపై ఊరేగించారు. నందలాల్ బోస్ గీసిన చిత్రాలు సభాప్రాంగణానికి కొత్త అందాన్ని తెచ్చాయి. పత్రికలకూ, వార్తా చిత్రాలకూ ఎక్కిన దృశ్యం ఆ రథానిది. పల్లెటూళ్లో లక్షల మందికి నీరు, నీడ, దారి, దీపం సమకూర్చిన ఏర్పాట్ల వెనుక పటేల్ ఉన్నారు. ఆ విషయం ఫొటోలో పట్టదు.

1947 జూన్ తొలి వారంలో వైస్రాయి భవనంలో దేశ విభజన ప్రణాళికను మౌంట్‌బాటన్ వెల్లడించిన సమావేశమూ అలాంటిదే. ఆ బల్ల చుట్టూ పటేల్ కూడా ఉన్నారు. అయితే ప్రపంచ పత్రికల ద్వారా ప్రసిద్ధమైన చిత్రంలో చూపరుల దృష్టి మౌంట్‌బాటన్‌కు చెరోవైపు ఉన్న నెహ్రూ, జిన్నాలపైనే నిలుస్తుంది. ఆ నెలలోనే విభజన ప్రణాళికపై కాంగ్రెస్ సభ్యులు చేతులెత్తి ఓటు వేస్తున్న దృశ్యాన్ని హోమాయ్ వ్యారావాలా చిత్రీకరించారు. భారత తొలి మహిళా ఫొటో జర్నలిస్టు అయిన ఆమె 1913లో జన్మించింది బార్డోలీకి దూరం కాని నవసారిలోనే.

జనవరి 30, ఆ తర్వాత

1948 జనవరి 30 సాయంత్రం బిర్లా హౌస్‌లో గాంధీ ప్రార్థనకు ఆలస్యంగా బయలుదేరడానికి పటేల్‌తో సాగిన సంభాషణే కారణం. నెహ్రూతో తనకున్న విభేదాలు అందులో చర్చకు వచ్చాయి. మాట ముగించి పటేల్ ఇంటికి చేరిన కొద్దిసేపటికే హత్య వార్త వచ్చింది. మర్నాడు అంతిమయాత్రలో భౌతికకాయం పక్కన, వాహనం మీదే కూర్చున్న పటేల్ రూపం ప్రపంచమంతా చూసింది. దేశ హోంమంత్రిగా గాంధీ భద్రతకు బాధ్యత వహించవలసిన వ్యక్తి ఆయన. విమర్శలు ఎదురయ్యాయి. మార్చి 5న ఆయనకు తీవ్రమైన గుండెపోటు వచ్చింది. ఆ తర్వాతి రెండున్నరేళ్లకు పైగా సాగిన పనంతా అనారోగ్యంతో చేసిందే. నెహ్రూతో భేదాలు పూర్తిగా తొలగకపోయినా, గాంధీ మరణం తర్వాత ఇద్దరూ కలిసే ప్రభుత్వాన్ని నడిపారు.

550కి పైగా సంస్థానాల విలీనం ఆ పనిలో ముఖ్యమైనది. సంస్థానాల శాఖ కార్యదర్శి వి.పి. మీనన్ ముసాయిదాలు రూపొందించారు, పటేల్ పాలకులతో మాట్లాడారు. రాజాభరణాలు, విందులు, సంతకాలు కెమెరాకు నచ్చే దృశ్యాలు. బుజ్జగింపు, బేరం, హెచ్చరిక కలగలిసిన ఉత్తరాలు నచ్చవు. దుర్గాదాస్ సంపాదకత్వంలో 10 సంపుటాలుగా వెలువడిన పటేల్ లేఖలు ఆ రెండో పార్శ్వాన్ని భద్రపరిచాయి.

హైదరాబాద్ చిత్రం: తేదీ చెప్పే కథ

హైదరాబాద్‌తో 1947 నవంబరులో యథాతథ ఒప్పందం కుదిరినా పరిస్థితి కుదుటపడలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల దాడులు, తెలంగాణ పల్లెల్లో భూస్వామ్యంపై రైతుల సాయుధ పోరాటం సంస్థానాన్ని కుదిపివేశాయి. రజాకార్లను విమర్శించిన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో హత్య చేశారు. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం పోరు విరమణ ప్రకటించారు. మర్నాడు సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఎదుట లొంగిపోయారు. లొంగుబాటుకు నిజమైన ఫొటో వారిద్దరిదే.

బేగంపేట చిత్రం నాటికి చౌధురి సైనిక గవర్నరుగా పాలన సాగిస్తున్నారు. నిజాం లాంఛనంగా సంస్థానాధీశుడి స్థానంలోనే ఉన్నారు. అంటే తన రాజధానికి వచ్చిన ఉప ప్రధానికి ఆయన స్వాగతం పలుకుతున్నారు. జోడించిన చేతులు అతిథికి చేసిన నమస్కారం. అధికారం చేతులు మారిందని ఆ దృశ్యం చెబుతున్న మాటా నిజమే, అందుకే అది అంతగా మనసులో నిలిచిపోయింది. అయితే పటేల్ పద్ధతిని అర్థం చేసుకోవడానికి తేదీ తోడ్పడుతుంది. ఓడిన పాలకుణ్ని ఆయన గద్దె నుంచి ఈడ్చివేయలేదు. మర్యాద నిలిపి, అధికారం మాత్రం తీసుకున్నారు. 1949 నవంబరులో నిజాం భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఫర్మానా జారీ చేశారు. 1950 జనవరి 26న హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్ అయ్యారు. సెప్టెంబరు నాటి లొంగుబాటుగా చదివితే ఈ ఏడాదిన్నర రాజనీతి అంతా ఒక్క విజయ క్షణంగా కుదించుకుపోతుంది.

ఆ చట్రంలో పట్టనివి మరికొన్ని ఉన్నాయి. రజాకార్ల చేతుల్లో నష్టపోయిన గ్రామాలు అందులో లేవు. సైనిక చర్య తర్వాత కొన్ని జిల్లాల్లో ముస్లింలపై జరిగిన హింసా లేదు. ఆ ఘటనలను పరిశీలించిన పండిత్ సుందర్‌లాల్ సంఘం నివేదిక దశాబ్దాలపాటు బయటకు రాలేదు. ఒకే ఫొటోను కొందరు విమోచనానికి, మరికొందరు విలీనానికి, ఇంకొందరు అవమానానికి గుర్తుగా చూడటానికి ఈ చెప్పని చరిత్రే కారణం.

సమాచార, ప్రసార శాఖ కూడా పటేల్ చేతిలోనే ఉండేది. రాయిటర్స్ అనుబంధ సంస్థ నుంచి దేశీయ వార్తల పంపిణీ ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియాకు మారింది 1949 ఫిబ్రవరి 1న. బార్డోలీలో సొంత పత్రిక నడిపించిన నాయకుడు మంత్రిగా ఉన్నప్పుడే, స్వతంత్ర దేశపు వార్తలు భారతీయ సంస్థ చేతికి వచ్చాయి. బేగంపేట చిత్రమూ ఆ నెలదే.

చివరి పేజీ

1949 మార్చి 29న రాజస్థాన్ రాష్ట్ర ప్రారంభోత్సవం కోసం జైపూర్ వెళ్తున్న పటేల్ విమానం, యంత్రలోపంతో ఎండిన నదీగర్భంలో దిగింది. కొన్ని గంటలపాటు ఆయన జాడ దేశానికి తెలియలేదు. క్షేమంగా తిరిగివచ్చిన ఆయనకు పార్లమెంటు హర్షధ్వానాలతో స్వాగతం పలికింది. కానీ ఆరోగ్యం క్షీణిస్తూనే వచ్చింది. 1950 డిసెంబరు 15 ఉదయం బొంబాయిలో ఆయన కన్నుమూశారు. అదే రోజు సోనాపూర్ శ్మశానవాటికలో అంత్యక్రియలు జరిగాయి. రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్, ప్రధాని నెహ్రూ, రాజగోపాలాచారి హాజరయ్యారు. 1991లో ఆయనకు భారతరత్న ప్రకటించారు. 2018 అక్టోబరు 31న నర్మదా తీరాన 182 మీటర్ల విగ్రహాన్ని ఆవిష్కరించారు.

బార్డోలీలో ఆయన జ్ఞాపకం అంత ఎత్తున ఉండదు. 1922లో నెలకొన్న స్వరాజ్ ఆశ్రమం, ఆయన పేరిట ఉన్న మ్యూజియం, అక్కడి పాత ఫొటోలు కంటికి సమానమైన ఎత్తులోనే ఉంటాయి. దగ్గరగా నిలబడి చూస్తే ముఖాల కింద ఉన్న వివరణను చదవవచ్చు. ఎవరు, ఎక్కడ, ఏ రోజున అన్న మూడు సంగతులను విలేకరులు తొలినాడే నేర్చుకుంటారు. బేగంపేట చిత్రం ఈ సెప్టెంబరులోనూ వస్తుంది. దాని కింద 1949 ఫిబ్రవరి అని సరిగా రాస్తే చిత్రానికి వచ్చే లోటేమీ లేదు. పాలకుణ్ని ఓడించాక అతడితో ఎలా మెలగాలన్న సంగతి, రైతును కదిలించే ముందు అతడికి ఆలోచించుకునే గడువు ఇచ్చిన బార్డోలీ పద్ధతి, ఆ తేదీ వల్లే ఒకే మనిషి జీవితంలోని రెండు ఘట్టాలుగా పాఠకుడికి కనిపిస్తాయి.